‘క్వైట్ గుడ్’ అంటే బాగుందనా, బాగానే ఉందనా?

ఈ సంచికలో ప్రశ్నలన్నీ ఒక్క ఇంగ్లిష్ మాట చుట్టూ తిరిగినవే. ఆ మాట ‘క్వైట్’. ఇటు నరసాపురం నుంచి అటు ముమ్మిడివరం దాకా, గోదావరి జిల్లాల ఊళ్లలోని పాఠకులు వేర్వేరు పనుల్లో దానితో తగులుకుని అడిగారు. ఉదాహరణ వాక్యాలను తెలుగు లిపిలోనే ఇచ్చాం. వాటిని పైకి చదవండి. ఈ మాట విషయంలో గొంతు ఎక్కడ నొక్కుతామన్నది కూడా అర్థంలో భాగమే.

ప్రశ్న: నిఘంటువులో ‘క్వైట్’కు ఒకచోట ‘పూర్తిగా’ అని, ఇంకోచోట ‘ఓ మాదిరిగా’ అని ఉంది. ఒకే మాటకు ఈ రెండూ ఎలా కుదురుతాయి? వాక్యం చూసి ఏది తీసుకోవాలో ఎలా తెలుస్తుంది?
– డిగ్రీ విద్యార్థి, రావులపాలెం

రెండూ సరైనవే. వయసులో పెద్దది ‘పూర్తిగా’. లాటిన్‌లో ‘క్వియేటస్’ అంటే నెమ్మదించిన, విశ్రాంతిగా ఉన్న అని. పాత ఫ్రెంచి చేతుల మీదుగా వచ్చేసరికి దానికి ‘బాకీ తీరిన, విడుదలైన’ అన్న అర్థం పట్టుకుంది. బాకీ తీరిందంటే ఇంకేమీ మిగల్లేదనే కదా. ఇంగ్లిష్‌లో ‘పూర్తిగా’ అన్న అర్థం అక్కడిదే. ‘ఓ మాదిరిగా’ చాలాకాలం తరువాత వచ్చి చేరింది, కానీ పాతది ఖాళీ చేసి వెళ్లలేదు. అందుకే ఇప్పుడు ఒకే ఇంట్లో ఇద్దరు కాపురం ఉంటున్నారు.

ఎప్పుడు ఎవరు తలుపు తీస్తారో తేల్చేది పక్కనున్న మాట. ఆ మాటను తెలుగులో అనుకుని ముందు ‘కొంచెం’ పెట్టి చూడండి. కొంచెం చలి, కొంచెం పెద్దది, కొంచెం ఖరీదు: ఇవన్నీ పొసుగుతాయి. అంటే అది మెట్లు మెట్లుగా పెరిగే గుణం. అలాంటి మాట పక్కన క్వైట్ ‘ఓ మాదిరిగా’ అవుతుంది. ‘ది వాటర్ ఈజ్ క్వైట్ కోల్డ్’ అంటే నీళ్లు చల్లగానే ఉన్నాయి.

ఇప్పుడు ‘కొంచెం అసాధ్యం’, ‘కొంచెం చచ్చిపోయింది’ అనండి. నోరు తిరగదు. అది ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే లేదు. అలాంటి మాట పక్కన క్వైట్ ‘పూర్తిగా’ అవుతుంది. వరద ఉరవడికి కోటిపల్లి రేవులో పంటు ఆపేసిన రోజున ‘ఇట్ ఈజ్ క్వైట్ ఇంపాజిబుల్ టు క్రాస్’ అంటే, దాటడం ఓ మాదిరి కష్టమని కాదు, అసలు కుదరదని. ‘క్వైట్ రాంగ్’ శుద్ధ తప్పు. ‘క్వైట్ సర్టెన్’ ఖాయం. అమేజింగ్, ఎక్స్‌ట్రార్డినరీ, ఎగ్జాస్టెడ్ లాంటివి ముందే కొసకు చేరిన మాటలు కాబట్టి వాటి పక్కనా అంతే.

ఈ పరీక్ష ఒకటి రెండు చోట్ల మోసం చేస్తుంది. ‘కొంచెం వేరు’ అని మనం హాయిగా అంటాం. అయినా ‘క్వైట్ డిఫరెంట్’ అంటే దాదాపు ఎప్పుడూ ‘పూర్తిగా వేరు’ అనే. ‘క్వైట్ ష్యూర్’, ‘క్వైట్ క్లియర్’, ‘క్వైట్ రైట్’ కూడా ‘పూర్తిగా’ వైపే మొగ్గుతాయి. ఈ నాలుగింటినీ విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

తెలుగు చేసేటప్పుడు అందరూ పడే గుంట ఒకటుంది: క్వైట్ కనబడగానే ‘చాలా’ అని రాసేయడం. ‘చాలా’ అన్నది ‘వెరీ’కి సరిపోతుంది. ‘ఓ మాదిరి’ క్వైట్‌కు మన దగ్గర విడిగా ఒక మాట లేదు. ఆ పని చేసేది మాట చివర చేరే ‘ఏ’. పరీక్ష ఎలా రాశావంటే ‘బాగా రాశాను’ అనడానికీ ‘బాగానే రాశాను’ అనడానికీ తేడా ఇంట్లో అమ్మకు వెంటనే తెలిసిపోతుంది. ఆ ‘బాగానే’ క్వైట్. చల్లగానే, పెద్దదే, దూరమే: ఇవన్నీ అదే కొలత. ‘పూర్తిగా’ అన్న క్వైట్‌కు మాత్రం మనకు మాటల కరవు లేదు. బొత్తిగా, శుద్ధ, అచ్చంగా, పచ్చి. సందర్భాన్ని బట్టి ఎంచుకోవచ్చు.

ప్రశ్న: మాది రొయ్యల ఎగుమతి. అమెరికా కొనుగోలుదారు మా సరుకును ‘క్వైట్ గుడ్’ అని మెయిల్ చేశారు. అదే నెలలో బ్రిటన్ నుంచి మరొకరు కూడా అదే మాట రాశారు. ఇద్దరూ ఒకే మెప్పు ఇచ్చినట్టేనా?
– ఎగుమతి విభాగం ఉద్యోగి, భీమవరం

ఒకటే అనుకోవద్దు. అమెరికాలో ‘క్వైట్ గుడ్’ను మామూలుగా ‘వెరీ గుడ్’కు దగ్గరగా వాడతారు. మీ సరుకు వాళ్లకు నచ్చింది. బ్రిటన్‌లో అదే మాట ‘బాగానే ఉంది’ అన్నంత వరకే వెళుతుంది. తిట్టు కాదు, సంబరపడేంత మెప్పూ కాదు. బ్రిటిష్ మెయిల్‌లో ‘క్వైట్ గుడ్’ తరువాత ‘బట్’ ఉందేమో చూడండి. చాలాసార్లు అసలు సంగతి ఆ ‘బట్’ వెనక ఉంటుంది.

ఫోనులో అయితే గొంతు చెబుతుంది. బ్రిటిష్ మనిషి ‘క్వైట్’ మీద నొక్కి, గొంతు దించి లేపితే మెప్పు తగ్గుతుంది: పర్లేదు, కానీ... అన్నట్టు. నొక్కు ‘గుడ్’ మీద పడితే మెప్పు పెరుగుతుంది, అనుకున్నదానికంటే బాగుందన్నట్టు. మనమూ ఇదే చేస్తాం. ‘బాగానే... ఉందిలెండి’ అని సాగదీయడం వేరు, ‘అబ్బో, బాగానే ఉందండీ!’ అనడం వేరు. మెయిల్‌లో గొంతు వినపడదు కాబట్టి అనుమానం ఉంటే అడగడమే మంచిది. ‘ఈజ్ దేర్ ఎనీథింగ్ యూ వుడ్ లైక్ అజ్ టు ఛేంజ్?’ అని ఒక్క వాక్యం రాస్తే, ఉన్న లోపం వాళ్లే చెబుతారు.

మీరు రాసేటప్పుడు వ్యాపార ఉత్తరాల్లో ‘క్వైట్’ వాడకపోవడమే మేలని మా గట్టి అభిప్రాయం. ‘ది సైజ్ ఈజ్ క్వైట్ యూనిఫామ్’ అని రాస్తే చదివే మనిషి తన దేశం అర్థం తను తీసుకుంటాడు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయో ఆ కౌంట్ రాయండి. అంకెకు అట్లాంటిక్ రెండు ఒడ్డులా ఒకటే విలువ.

ప్రశ్న: ‘ఎ వెరీ ఓల్డ్ బ్రిడ్జ్’ అంటాం. మరి ‘ఎ క్వైట్ ఓల్డ్ బ్రిడ్జ్’ అని పిల్లలు రాస్తే దిద్దాలా?
– ఉపాధ్యాయిని, పాలకొల్లు

దిద్దండి. ‘వెరీ’కి ముందు ‘ఎ’ వస్తుంది, ‘క్వైట్’కు తరువాత వస్తుంది. రాజమహేంద్రవరంలోని హేవ్‌లాక్ వంతెన మీద 1900లో మొదలైన రైళ్లు 1997లో ఆగిపోయాయి. దాన్ని గురించి ‘ఇట్ ఈజ్ క్వైట్ యాన్ ఓల్డ్ బ్రిడ్జ్’ అనాలి. పిల్లలు ఇక్కడ రెండో తప్పు కూడా చేస్తారు. ‘ఎ’, ‘యాన్’ తేల్చుకోవడానికి ‘క్వైట్’ను చూస్తారు. చూడాల్సింది ‘ఎ’ తరువాత వచ్చే మాటను. ‘క్వైట్ ఎ లాంగ్ బ్రిడ్జ్’, ‘క్వైట్ యాన్ ఓల్డ్ బ్రిడ్జ్’.

నేర్పడానికి ఒక వరుస: ముందు ‘ఎ గుడ్ బోట్’ అని పలక మీద రాయించండి. ‘వెరీ’ కార్డు ఇచ్చి ‘ఎ’, ‘గుడ్’ మధ్య దూర్చమనండి. తరువాత ‘క్వైట్’ కార్డు ఇచ్చి మొత్తానికి ముందు పెట్టమనండి. నియమం వల్లించడం కంటే చేత్తో కార్డు కదిపితే ఆ చోటు బాగా గుర్తుంటుంది. బహువచనంలో ‘ఎ’ ఉండదు కాబట్టి గొడవే లేదు: ‘క్వైట్ గుడ్ బోట్స్’.

‘పూర్తిగా’ అన్న అర్థంలో మాత్రం రెండు వరుసలూ చెల్లుతాయి. ‘క్వైట్ యాన్ ఎక్స్‌ట్రార్డినరీ సైట్’, ‘ఎ క్వైట్ ఎక్స్‌ట్రార్డినరీ సైట్’. పై తరగతుల పిల్లలు రెండోది రాస్తే కొట్టేయకండి.

విశేషణం లేకుండా ‘క్వైట్ ఎ’ పక్కన నేరుగా నామవాచకం వస్తే అది మెప్పో ఆశ్చర్యమో. అంతర్వేది తీర్థంలో రథం కదిలేటప్పుడు ‘దట్ వాజ్ క్వైట్ ఎ క్రౌడ్’ అంటే, ఏం జనం, ఏం జనం అని. ఇక ‘ది’ వస్తే ‘క్వైట్ ది బెస్ట్’, ‘క్వైట్ ది ఆపొజిట్’. ఇక్కడ అర్థం ‘సందేహం లేకుండా’. మొట్టమొదట, చిట్టచివర, నట్టనడుమ అని ఆమ్రేడితంతో మనం తెచ్చే బిగువు ఇలాంటిదే.

ప్రశ్న: ‘ఫ్యూ’ అంటే తక్కువ. ‘ఎ ఫ్యూ’ అంటే కొన్ని. మరి ‘క్వైట్ ఎ ఫ్యూ కస్టమర్స్ హావ్ నాట్ రెన్యూడ్’ అన్న నోట్ చూసి, కొద్దిమందే అనుకుని పక్కన పెట్టాను. పై అధికారి చాలామంది అన్నారు. ఎవరు కరెక్ట్?
– బ్యాంకు ఉద్యోగి, అమలాపురం

మీ అధికారే. ‘క్వైట్ ఎ ఫ్యూ’ అంటే చాలామందే. దీన్ని ముక్కలు చేసి అర్థం చెప్పుకోకూడదు, మొత్తం ఒకే మాట. దీని వెనక ఉన్న ఆలోచన మనకు కొత్తది కాదు. పెళ్లికి ఎంతమంది వచ్చారంటే ‘తక్కువేం రాలేదండి’ అంటాం. తక్కువ అన్న మాటే వాడి ఎక్కువను చెప్పాం కదా.

ఇదే కుటుంబంలో మరికొన్ని: ‘క్వైట్ ఎ లాట్’, ‘క్వైట్ ఎ బిట్’ అంటే బోలెడు, ‘క్వైట్ ఎ వైల్’, ‘క్వైట్ సమ్ టైమ్’ అంటే చాలాసేపు. ‘బిట్’ కనిపించిందని చిన్నదనుకోవద్దు. నిజంగా కొద్దిమందే అని చెప్పాలంటే ‘ఓన్లీ ఎ ఫ్యూ’ రాయండి. ‘ఎ’ తీసేసి ‘క్వైట్ ఫ్యూ’ అని మాత్రం రాయొద్దు, చదివేవాళ్లకు ఎటూ తేలదు.

ప్రశ్న: లండన్ నుంచి వచ్చిన అతిథికి పూతరేకులు పెట్టాం. ‘ఐ క్వైట్ లైక్ ఇట్’ అన్నారు. మర్యాదకు అన్నట్టా, నచ్చినట్టా?
– గృహిణి, ఆత్రేయపురం

నచ్చిందండి, కానీ ఎంతో నచ్చిందని అనలేదు. లైక్, ఎంజాయ్ లాంటి ఇష్టం చెప్పే క్రియల ముందు క్వైట్ ‘ఓ మాదిరిగా’ అవుతుంది. ‘బాగానే ఉంది, తింటాను’ అన్నంత. అయితే బ్రిటిష్‌వాళ్లలో సంతోషాన్ని ఓ మెట్టు దించి చెప్పే అలవాటు ఉంది. కాబట్టి మాటను కాక రెండోది అడిగి తిన్నారా లేదా అన్నది చూడండి.

క్రియ మారితే అర్థం తిరగబడుతుంది. ‘ఐ క్వైట్ అగ్రీ’ అంటే పూర్తిగా ఒప్పుకుంటున్నాను. ‘ఐ క్వైట్ అండర్‌స్టాండ్’ పూర్తిగా అర్థమైంది. ‘ఐ క్వైట్ ఫర్‌గాట్’ బొత్తిగా మరిచిపోయాను. ‘కొంచెం’ పరీక్షను క్రియలకు నమ్ముకోవద్దు, ఈ మూడింటినీ పట్టుకుంటే చాలు. చోటు విషయానికొస్తే, క్వైట్ అసలు క్రియకు ముందు, సహాయక క్రియకు తరువాత కూర్చుంటుంది: ‘ఐ హావ్ క్వైట్ ఫినిష్డ్’. మనం తెలుగు వరుసలో ఆలోచించి ‘ఐ లైక్ ఇట్ క్వైట్’ అని చివర పెట్టేస్తాం, అది తప్పు. చివరే కావాలంటే ‘ఐ లైక్ ఇట్ క్వైట్ ఎ లాట్’.

ప్రశ్న: ‘నాట్ క్వైట్’, ‘నాట్ వెరీ’ ఒకటేనా?
– ధాన్యం కొనుగోలు కేంద్రంలో పనిచేసే యువకుడు, తణుకు

కాదు. మీ పనిలోంచే చూద్దాం. కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదు. 18 దగ్గర ఆగిన ధాన్యం ‘నాట్ క్వైట్ డ్రై’: దాదాపు ఆరింది, ఇంకొక్క ఎండ చాలు. కోసిన వెంటనే తెచ్చి పోసిన ధాన్యం ‘నాట్ వెరీ డ్రై’: ఇంకా పచ్చిగానే ఉంది. ‘నాట్’ పక్కన చేరిన క్వైట్ ఎప్పుడూ పాత అర్థానికే వెళుతుంది: ‘పూర్తిగా కాలేదు, కానీ దగ్గరకొచ్చింది’. అందుకే ‘నాట్ క్వైట్ రెడీ’ అన్నవాళ్ల కోసం అయిదు నిమిషాలు ఆగొచ్చు.

‘క్వైట్ నాట్ డ్రై’ అని తిరగేసి రాయకూడదు. ‘నాట్’ ముందు, ‘క్వైట్’ తరువాత.

ప్రశ్న: ‘షి ఈజ్ క్వైట్ బెటర్’ తప్పని మా మాస్టారు కొట్టేశారు. ఒక పుస్తకంలో అదే వాక్యం చూశాను.
– ఇంటర్ విద్యార్థిని, ముమ్మిడివరం

పోలికలో క్వైట్ రాదు. ‘దిస్ రోడ్ ఈజ్ క్వైట్ బెటర్ దాన్ దట్’ తప్పు. ‘మచ్ బెటర్’, ‘ఫార్ బెటర్’ అనాలి; కొద్దిపాటి తేడా అయితే ‘ఎ బిట్ బెటర్’. మీరు చూసిన వాక్యంలో పోలిక లేదు. అక్కడ ‘బెటర్’ అంటే జబ్బు తగ్గడం, ‘క్వైట్ బెటర్’ అంటే పూర్తిగా కోలుకోవడం. బ్రిటిష్ వాడుకలో అది ఒప్పే. ‘దాన్’ ఉంటే కొట్టేయండి, లేకుండా ఆరోగ్యం గురించి అయితే ఉంచండి. పరీక్షలో మాత్రం ‘షి హాజ్ ఫుల్లీ రికవర్డ్’ అని రాసుకుంటే ఏ బాధా లేదు.

ప్రశ్న: నా మెసేజ్‌లో ‘ప్లీజ్ బీ క్వైట్’ అని వెళ్లిపోయింది. కంప్యూటర్ తప్పు చూపలేదు.
– కోచింగ్ సెంటర్ నిర్వాహకుడు, తాడేపల్లిగూడెం

చూపదు, ఎందుకంటే అదీ నిజమైన మాటే. నిశ్శబ్దం ‘క్వయెట్’: రెండు దెబ్బలుగా పలుకుతుంది, చివర ఇ, టి. మన ‘క్వైట్’ ఒక్క దెబ్బ, చివర టి, ఇ; వైట్, బైట్, కైట్ రాసినట్టే. మానేయడం ‘క్విట్’: సిట్, హిట్ లాగా ‘టి’తో ఆగిపోతుంది. మూడూ పైన చెప్పిన లాటిన్ మాట సంతానమే, అందుకే ఇంత పోలిక. నోటితో రెండు దెబ్బలు స్పష్టంగా పలికితే రాతలో చెయ్యి తప్పదు.

ప్రశ్న: ఫెయిర్లీ, క్వైట్, రేదర్, ప్రెటీ, వెరీ, టూ... వీటిని కింది నుంచి పైకి వరుసలో పెట్టి ఇవ్వగలరా?
– పోటీ పరీక్షల అభ్యర్థి, నరసాపురం

ధవళేశ్వరం దగ్గర గోదావరికి 11.75 అడుగుల దగ్గర మొదటి హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. ఈ మాటలకు అలాంటి గీతలు గోడ మీద లేవు. బ్రిటిష్ వాడుకలో స్థూలంగా చెప్పాలంటే ‘ఫెయిర్లీ’ కింద, దాని మీద ‘క్వైట్’, కాస్త పైన ‘రేదర్’, ‘ప్రెటీ’, ఆ పైన ‘వెరీ’.

మెట్టు కంటే రంగు ముఖ్యం. ‘ఫెయిర్లీ’ మంచి గుణం పక్కన బాగా ఒదుగుతుంది. ‘రేదర్’ తరచుగా నచ్చనిదాని పక్కనో, అనుకోనిదాని పక్కనో వస్తుంది. ‘ఫెయిర్లీ వార్మ్’ అంటే హాయిగా వెచ్చగా, ‘రేదర్ వార్మ్’ అంటే ఉక్కగా ఉందని విసుగు. పోలికలో క్వైట్‌కు లేని చోటు ‘రేదర్’కు ఉంది: ‘రేదర్ బెటర్’ ఒప్పే. ‘ప్రెటీ’ కబుర్లకు, దరఖాస్తులో వద్దు.

‘టూ’ను ఈ నిచ్చెన మీద పెట్టనే కూడదు. అది ‘చాలా’ కాదు, ‘మరీ’. ‘టూ హాట్ టు డ్రింక్’ అంటే తాగలేనంత వేడి. కాలేజీ కుర్రాళ్లు ‘టూ గుడ్’ అని మెచ్చుకుంటారు గానీ, రాసే ఇంగ్లిష్‌లో అది ‘మరీ మంచి’ అయి కూర్చుంటుంది. వెరీ అంటే చాలా, టూ అంటే మరీ, క్వైట్ అంటే చివరి ‘ఏ’. ఈ మూడూ కలవకుండా చూసుకుంటే తప్పులు బాగా తగ్గుతాయి.

ప్రశ్న: ఇంగ్లిష్ సీరియల్‌లో ఒకాయన ఏం చెప్పినా పక్కాయన ‘క్వైట్’ అని ఊరుకుంటున్నాడు. వాక్యం మధ్యలో ఆపేశాడా?
– పాఠకురాలు, రాజోలు

ఆపలేదండి, అదే పూర్తి జవాబు. ‘మీరన్నది ముమ్మాటికీ నిజం’ అని. ‘క్వైట్ సో’ అన్నా అదే. మీ వైపు వాళ్లు అరుగు మీద కూర్చుని ‘మరే!’ అంటారు చూడండి, సరిగ్గా అది. కొంచెం పాతకాలపు, పెద్దమనిషి తరహా బ్రిటిష్ వాడుక. ఇంటర్వ్యూలో మీరు అనకండి, పొడిగా వినిపిస్తుంది. అక్కడ ‘యెస్, ఎగ్జాక్ట్లీ’ చాలు.